మౌత్‌పీసు ఎంపిక: చెవి కోసమా, పెదవి కోసమా?

పెళ్లి ఊరేగింపులో బ్యాండు మేళం వెనక నాలుగడుగులు నడిచినవారికి క్లారినెట్టు గొంతు కొత్తది కాదు. డ్రమ్ముల మోతనీ ట్రంపెట్ల హోరునీ దాటుకుని సినిమా పాట పల్లవిని జనం చెవిన వేసేది చాలాసార్లు అదే. అయితే క్లారినెట్టు కొనేవాళ్లు ముందుగా చూసేది నల్లటి గొట్టాన్ని. ఏ కంపెనీ, ఏ కర్ర, మీటలు బిగుతుగా ఉన్నాయా లేదా అని అడుగుతారు. నోట్లో పెట్టుకునే ముక్క, దాదాపు 9 సెంటీమీటర్ల మౌత్‌పీసు, పెట్టెతోపాటు వచ్చిన సరంజామాలో ఒకటిగా ఉండిపోతుంది. వాయించేవాడి చెవి కాస్త పదునెక్కాక దాని మీదికి దృష్టి మళ్లుతుంది, వేట మొదలవుతుంది. కేటలాగు తెరిస్తే ఒకదాని నాదం గుండ్రమట, ఇంకోదానిది చిక్కనట, మరోదానిది తళుకులీనేదట. చీరల కొట్లో రంగులు చెప్పినట్టు నాదాల పేర్లు చెబుతారు. ఆ పేర్లను పట్టుకుని మౌత్‌పీసు వెతకడం తలకిందుల పని అని నా వాదన. మౌత్‌పీసు ముందుగా మార్చేది వాయించేవాడి పెదవికీ ఊపిరికీ తగిలే అనుభవాన్ని. వినేవాడికి చేరే నాదంలో మార్పు చాలావరకు ఆ అనుభవం గుండానే వస్తుంది. కాబట్టి ఎంచుకోవాల్సింది పెదవితో. చెవిని వాడాల్సింది పనికిరానిదాన్ని పక్కన పెట్టడానికి.

ముందు వస్తువును చేతిలోకి తీసుకుందాం. రీడును, అంటే ఊదితే కంపించే పలచని పట్టీని, బిగించే వైపు చదునుగా ఉండే భాగం టేబుల్. అక్కడినుంచి కొస వైపు వెళ్లేకొద్దీ మౌత్‌పీసు అంచులు రీడు నుంచి మెల్లగా ఎడమవుతూ వంపు తిరుగుతాయి. ఆ వంపును లే అనీ ఫేసింగ్ అనీ అంటారు. చిట్టచివర రీడు కొసకీ మౌత్‌పీసు అంచుకీ మధ్య మిగిలే సందు టిప్ ఓపెనింగ్. ఈ సందు కొలతలు చూస్తే నవ్వొస్తుంది. ఎక్కువ మంది వాడే ఫ్రెంచి తరహా మౌత్‌పీసుల్లో అది ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. 1905లో పారిస్‌లో మొదలైన వాండోరెన్ కంపెనీ లెక్క ప్రకారం 5ఆర్‌వీ మోడల్ సందు 1.065 మిల్లీమీటర్లు, 5ఆర్‌వీ లైర్‌ది 1.095, ఎం30ది 1.15, బీ45ది 1.195. జాజ్ వాయించేవాళ్ల కోసం చేసిన 5జేబీ ఒక్కసారిగా 1.47కి ఎగురుతుంది. మొదటి రెండింటి తేడా 0.03 మిల్లీమీటర్లు, అంటే తలవెంట్రుక మందంలో సగం అనుకోవచ్చు. అంత తేడాకే అనుభవం ఉన్నవాళ్లు మొదటి ఊదులోనే కనుబొమలు ఎగరేస్తారు. వాళ్లు నటించడం లేదు. ఆ సగం వెంట్రుకను పెదవి నిజంగానే పట్టుకుంటుంది. ఎందుకు పట్టుకుంటుందో తెలిస్తే ఈ సమస్య సగం విడినట్టే.

క్లారినెట్టు రీడు గాలికి కాపలా కాసే తలుపు లాంటిది. నోట్లో ఒత్తిడి పెంచుతుంటే మొదట లోపలికి పోయే గాలి పెరుగుతుంది. ఒత్తిడి ఇంకా పెరిగితే అదే ఒత్తిడి రీడును అంచు మీదికి నొక్కి తలుపు మూయబోతుంది, గాలి తగ్గడం మొదలవుతుంది. ఈ తగ్గుదల ప్రాంతంలోనే రీడు కంపించి గొట్టంలోని గాలి స్తంభంతో జత కలుపుతుంది, స్వరం పుడుతుంది. తలుపు పూర్తిగా మూసుకోవడానికి కావలసిన ఒత్తిడిలో సుమారు మూడో వంతు దగ్గర స్వరం పలకడం మొదలవుతుందని సిద్ధాంతం చెబుతుంది. ఆ మూసే ఒత్తిడి ఎంతన్నది రెండు విషయాల లబ్ధం: రీడు ఎంత గట్టిది, సందు ఎంత పెద్దది. సందు పెద్దదై రీడు మెత్తనిదైతే ఒక లెక్క, సందు చిన్నదై రీడు గట్టిదైతే ఇంకో లెక్క, అయినా రెండు లెక్కలూ ఒకే ఒత్తిడి దగ్గరికి రావచ్చు. అందుకే బీ45 మీద రెండున్నర నంబరు రీడుతో సుఖంగా ఉన్న మనిషి, అదే రీడును 5ఆర్‌వీకి బిగించి ఊదితే స్వరం పలచబడి గట్టిగా ఊదిన చోట మూసుకుపోతుంది. 5ఆర్‌వీ పనికిమాలినదని అతను తేల్చేస్తాడు. అంతకంటే గట్టిదైన మూడు నంబరు రీడు వేసి చూస్తే ఆ తీర్పు తిరగబడొచ్చు. మౌత్‌పీసును ఒంటరిగా తీర్చే ఏ తీర్పుకైనా ఈ లోపం తప్పదు, అక్కడ వాయించేది జంట.

సందు ఒక్కటే చూసి కొనడమూ పొరపాటే. లే పొడవును ఎరిక్ బ్రాండ్ పద్ధతిలో కొలుస్తారు. గీతలు చెక్కిన గాజు పలకను మౌత్‌పీసు టేబుల్ మీద ఆనించి, కింద అతి పలచని లోహపు రేకును, అంగుళంలో వెయ్యికి ఒకటిన్నర వంతు మందం ఉన్నదాన్ని, కొస వైపునుంచి దూరుస్తారు. రేకు ఏ గీత దగ్గర ఆగితే అదే లే పొడవు. గీతలు అర మిల్లీమీటరుకొకటి కాబట్టి 34 అని రాస్తే 17 మిల్లీమీటర్లని అర్థం. పొడవైన లే మీద రీడు ఎక్కువ భాగం వంగుతుంది, పెదవి కదిపితే స్వరం కదులుతుంది, ఊదడం తేలికవుతుంది, అదుపు మాత్రం ఎక్కువ కావాలి. పొట్టి లే మీద రీడు బిర్రుగా ఉంటుంది, స్వరం చప్పున అందుకుంటుంది, వంగమంటే మొండికేస్తుంది. గేజి లేనివాళ్ల కోసం టీచర్లకు తెలిసిన చిట్కా ఒకటుంది. రీడు బిగించి, పక్కనుంచి ఒక సన్నని కాగితపు ముక్కను రీడుకీ మౌత్‌పీసుకీ మధ్య జార్చి, అది ఆగిన చోట రీడు మీద పెన్సిలుతో గీత గీస్తారు. కింది పెదవి ఆనాల్సిన చోటు అక్కడికి దగ్గర్లోనే. ఎన్నో నెలలుగా నాదం సన్నగా ఉందని మౌత్‌పీసును తిడుతున్నవాడు, పెదవిని ఆ గీతకు మూడు మిల్లీమీటర్లు ఇవతలే ఆనిస్తున్నాడని ఈ కాగితం ముక్క చెప్పేస్తుంది. కొత్త మౌత్‌పీసు డబ్బు మిగిలినట్టే.

నా వాదనకు మొదటి అభ్యంతరం ఐరోపా నుంచే వస్తుంది. జర్మన్, ఆస్ట్రియన్ వాద్యకారుల నాదం ఫ్రెంచి వాళ్ల నాదానికి భిన్నమని, కళ్లు మూసుకుని కూడా చెప్పొచ్చని చాలామంది అంటారు. వియన్నా మౌత్‌పీసు సందు మన జేబులోని ఏటీఎం కార్డు మందానికి, అంటే 0.76 మిల్లీమీటర్లకు, ఎంతో దూరంలో ఉండదు. లే మాత్రం చాలా పొడుగు, రీడు గట్టి. ఆ నాదం ఆ మౌత్‌పీసు పుణ్యమే కదా అన్నది వాదన. కానీ అక్కడ వేరుగా ఉన్నది మౌత్‌పీసు ఒక్కటే కాదు. గొట్టం లోపలి బోరు వేరు, మీటల అమరిక వేరు, రీడును చాలామంది లోహపు బిగింపు పట్టీతో (లిగేచర్) కాక దారం చుట్టి కడతారు, అన్నిటికీ మించి ఎలాంటి నాదం అందమైనదో చిన్నప్పటినుంచి నేర్పే గురుపరంపర వేరు. ఒకప్పుడు రీడు పై పెదవికి తగిలేలా మౌత్‌పీసును తిరగేసి వాయించేవాళ్లు. 19వ శతాబ్దం తొలినాళ్లలో 13 మీటల క్లారినెట్టుతో పేరు తెచ్చుకున్న ఇవాన్ మ్యూలర్ లాంటివాళ్లు రీడును కింది పెదవి మీదికి దించే పద్ధతికి ఊపునిచ్చినా, ఇటలీలో పాత పద్ధతి ఇంకా చాలాకాలం నడిచింది. మౌత్‌పీసు అదే, రీడు అదే, ఆనే పెదవి మారితే వాయించే తీరే మారిపోయింది. అలాంటప్పుడు జర్మన్ నాదం మొత్తాన్నీ సందులోని కొద్దిపాటి తేడా ఖాతాలో రాయడం న్యాయం కాదు.

అలాగని మౌత్‌పీసు నాదాన్ని అసలు మార్చదని అంటే అది అతివాదం. రీడుకు ఎదురుగా, కొస వెనకే పైకప్పులా ఉండే బాఫిల్ ఉంది. అది ఎత్తుగా, రీడుకు దగ్గరగా ఉంటే పై హార్మోనిక్స్ బలపడి స్వరం పదునెక్కుతుంది, లోతుగా గుల్ల చేస్తే మెత్తబడుతుంది. లోపలి గది (ఛాంబర్) గోడల వాలు, దాని ఖాళీ పరిమాణం కూడా స్వరాన్ని తాకుతాయి. ఈ మార్పులు కొలవదగ్గవే, వినదగ్గవే. అయితే వాయించేవాడు ఈ మార్పులను అలాగే వదిలేయడు. న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2013లో ప్రచురించిన పనిలో కృత్రిమ నోటితో క్లారినెట్టు ఊదించి, ఊదే ఒత్తిడి, పెదవి నొక్కు, పెదవి ఆనే చోటు, రీడు గట్టిదనం ఒక్కొక్కటీ స్వరం ఎత్తునీ, పెద్దదనాన్నీ, హార్మోనిక్స్ పంపకాన్నీ ఎలా మారుస్తాయో చూపారు. అంటే ఒకే మౌత్‌పీసు మీద మనిషి తన నోటితోనే నాదాన్ని చాలా దూరం తిప్పగలడు. తిప్పుతాడు కూడా, తనకు తెలియకుండానే. మనసులో ఉన్న నాదం వచ్చేదాకా పెదవి సర్దుకుంటూనే ఉంటుంది. కొత్త మౌత్‌పీసుతో మొదటి రోజు వినిపించిన కొత్త గొంతు నెల తిరిగేసరికి పాత గొంతులా అయిపోవడానికి కారణం ఇదే. మిగిలేది ఆ సర్దుబాటుకు ఎంత శ్రమ పడుతున్నామన్నది. మంచి మౌత్‌పీసు ఆ శ్రమను తగ్గిస్తుంది, కచేరీ రెండో గంటలో ఆ తేడా తెలుస్తుంది.

శ్రుతి విషయంలో మాత్రం మౌత్‌పీసుతో రాజీ కుదరదు. లోపలి ఖాళీ పెద్దదైతే స్వరాలు కిందికి దిగుతాయి, అది కూడా అన్నీ సమానంగా కాదు. ఎక్కువ రంధ్రాలు తెరిచి వాయించే పొట్టి గొట్టపు స్వరాలు ఎక్కువ దిగుతాయి. క్లారినెట్టు ఒక వైపు మూసిన స్తూపాకారపు గొట్టంలా ప్రవర్తిస్తుంది కాబట్టి రిజిస్టర్ మీట నొక్కితే అష్టమ స్థాయికి కాక పన్నెండో స్వరానికి ఎగురుతుంది. ఆ ఎగురు సరిగ్గా ఉండేలా గొట్టాన్నీ మౌత్‌పీసునీ కలిపి లెక్కగడతారు. వాండోరెన్ 13 సిరీస్ అని విడిగా అమ్మేది ఇందుకే, అది 440 హెర్ట్జ్ శ్రుతికి, సాధారణ సిరీస్ 442కి. మన దేశంలో దీనికి ఇంకో మెలిక ఉంది. బ్రిటిష్ సైనిక బ్యాండ్లు 1920ల చివరిదాకా 452 చుట్టూ ఉన్న ఎత్తు శ్రుతిలో వాయించేవి. ఆ కాలపు వాద్యం ఎక్కడైనా చేతికొస్తే దానికి నేటి మౌత్‌పీసు తగిలించి శ్రుతి కలవలేదని వాపోవడం వృథా. ఏ మౌత్‌పీసు అయినా ట్యూనర్ ముందు మూడు స్థాయిల్లో నిలబడకపోతే, నాదం ఎంత తీయగా ఉన్నా వెనక్కి ఇచ్చేయాల్సిందే. చెవికి వీటో అధికారం ఉందని నేనన్నది ఇక్కడే.

ఇక పదార్థం గొడవ. ఎబొనైట్ అనే గట్టి రబ్బరు, ప్లాస్టిక్, గాజు, కర్ర, లోహం, ఒక్కోదానికీ ఒక్కో భక్త బృందం. భౌతిక శాస్త్రవేత్త జాన్ బాకస్ 1964లో వాద్యపు గోడల కంపనం నాదంలో ఎంత వాటా పడుతుందో కొలిచి, అది పట్టించుకోనవసరం లేనంత చిన్నదని తేల్చారు. 1971లో జాన్ కోల్ట్‌మన్ వెండి, రాగి, కర్రతో ఒకే కొలతల ఫ్లూట్లు మూడు చేయించి వాయింపజేస్తే, వినేవాళ్లు గానీ, ఏది చేతిలో ఉందో తెలియకుండా వాయించినవాళ్లు గానీ తేడా పట్టలేకపోయారు. ఫ్లూట్ వేరు, క్లారినెట్టు వేరు అనొచ్చు, నిజమే. కానీ గాజు మౌత్‌పీసు వేరుగా పలుకుతుందన్న అనుభవాన్ని కొట్టిపారేయకుండానే వివరించవచ్చు. గాజును మలిచే పద్ధతి వేరు కాబట్టి అంచులు, లే, బాఫిల్ రబ్బరుదానిలా రావు. మారింది ఆకారం, పేరు మాత్రం పదార్థానికి వచ్చింది. ఇంకో కారణం మరీ సొంతది. వాయించేవాడి పై పళ్లు మౌత్‌పీసు వీపు మీద ఆనుతాయి. కంపనం పళ్లగుండా పుర్రె ఎముకలోకి, అక్కడినుంచి నేరుగా లోపలి చెవికి పోతుంది. అక్కడ అర మిల్లీమీటరు మందం రబ్బరు ప్యాచ్ అంటించినా వాయించేవాడికి తన స్వరం మెత్తబడినట్టు వినిపిస్తుంది. పది అడుగుల దూరంలో కూర్చున్నవాడికి ఏమీ మారదు. కేటలాగులోని విశేషణాల్లో చాలా భాగం ఈ పళ్ల దారిన పుట్టినవేనని నా అనుమానం.

మన సంగీతానికి వచ్చేసరికి ఈ ప్రశ్న రంగు మారుతుంది. 19వ శతాబ్దంలో దక్షిణాదిన క్లారినెట్టు చిన్నమేళంలో చేరి నాట్యానికి తోడైంది. తిరుచిరాపల్లికి చెందిన ఏ.కె.సి. నటరాజన్ దాన్ని కర్ణాటక కచేరీ వేదిక మీద ప్రధాన వాద్యంగా నిలబెట్టారు. 2008లో సంగీత కళానిధి, 2022లో పద్మశ్రీ ఆయనకు దక్కాయి. గమకం, జారు కావాలంటే స్వరం మీట దగ్గర ఆగకూడదు, పెదవి కింద సాగాలి. తర్కం ప్రకారం ఇందుకు పెద్ద సందు, పొడుగు లే, మెత్తని రీడు కావాలి. టర్కీలో జి శ్రుతి క్లారినెట్టు వాయించేవాళ్లు కూడా ఆ దారిలోనే ఉన్నారు. అయితే ఇక్కడా మౌత్‌పీసుకు మొత్తం ఘనత ఇవ్వకూడదు. 1924 నాటి గెర్ష్విన్ రాప్సడీ ఇన్ బ్లూ మొదట్లో వినిపించే ప్రసిద్ధమైన జారును న్యూ సౌత్ వేల్స్ బృందమే 2009లో పరిశీలించింది. అంత సాగు వేళ్లను మెల్లగా జార్చడంతోనే రాదు, వాయించేవాడు తన నాలుకనీ గొంతునీ మలచుకుని నోటి లోపలి అనునాదాన్ని స్వరంతో పోటీకి దింపుతాడని తేలింది. మెత్తని జంట ఆ పనికి దారి ఇస్తుంది, పని చేసేది గొంతు. ఫ్రెంచి ఆర్కెస్ట్రా కోసం మలిచిన బిర్రు మౌత్‌పీసు పెట్టుకుని తోడి రాగంలో గాంధారం ఊగలేదని బాధపడటం ఎంత వృథానో, 5జేబీ కొన్నాక గమకం దానంతటదే వస్తుందనుకోవడమూ అంతే వృథా.

ఇప్పుడు పెద్దల అభ్యంతరం: ఆడలేక మద్దెల ఓడన్నట్టు, సాధన చేయలేనివాడే మౌత్‌పీసు మారుస్తాడని. దీంట్లో సగం నిజం ఉంది. నెలకొక మౌత్‌పీసు మార్చేవాడి పెదవికి ఏదీ అలవాటు కాదు. కానీ సన్నాయి వాద్యకారుల పద్ధతి చూడండి. వాద్యానికి దారాలతో నాలుగైదు పీకలు వేలాడుతుంటాయి, పక్కనే వాటిని సర్దే దంతపు సూది. వాళ్లలో ఎవరినీ సాధన తక్కువవాడని అనలేం. నోటికీ వాద్యానికీ మధ్య ఉన్న ముక్కను నోటికి తగ్గట్టు సరిచేసుకోవడం కూడా విద్యలో భాగమని మన సంప్రదాయానికి ముందే తెలుసు. అయితే నేను ఒప్పుకోని మాట ఒకటి ఉంది, పాత మౌత్‌పీసుల మహిమ. ఫ్రాంక్ కాస్పర్ చేతి పనికి, షెడ్విల్ పేరుతో వచ్చిన ఫ్రెంచి పాత ముక్కలకు అమెరికాలో ఇప్పటికీ వేలం పాటలాంటి గిరాకీ. క్లీవ్‌లాండ్ ఆర్కెస్ట్రాలో 1953 నుంచి 1973 దాకా మొదటి క్లారినెట్టు వాయించిన రాబర్ట్ మార్సెలస్ కాస్పర్ వాడారన్నది ఆ గిరాకీకి ఒక కారణం. ఆ చేతి పని గొప్పదే. కానీ కొనేవాడికి వచ్చేది మార్సెలస్ నోరు కాదు. పైగా దశాబ్దాల్లో అంచులు అరిగి ఉండొచ్చు, మధ్యలో ఎవరో రుద్ది లే మార్చి ఉండొచ్చు. పేరు అదే ఉంటుంది, ముక్క వేరవుతుంది.

నేర్చుకునేవాళ్లకు సూటిగా చెప్పాలంటే, మొదటి రెండేళ్లు ఒక మధ్యస్థపు సందు చాలు. చాలా స్కూలు క్లారినెట్లతో వచ్చే యమహా 4సీ లాంటి ప్లాస్టిక్ మౌత్‌పీసు సిగ్గుపడాల్సిన వస్తువేమీ కాదు. మార్చాలనిపిస్తే రెండు మూడింటికి మించి ఒక పూట చూడకండి, పెదవి అలసిపోయాక అన్నీ ఒకేలా ఉంటాయి. ప్రతిదానికీ మూడు నంబర్ల రీడ్లు వేయండి. అరగంట తర్వాత ఏది బరువనిపించిందో, అతి మెల్లని స్వరం ఏది ఆరంభంలో ఉస్సుమనకుండా అందించిందో గుర్తుపెట్టుకోండి. మంద్రం నుంచి తారస్థాయికి గెంతినప్పుడు ఏది కీచుమందో కూడా చూడండి. గది అవతల ఒక మనిషిని వీపు తిప్పి కూర్చోబెట్టి తేడా అడగండి. అతను తేడా లేదంటే బాధపడకండి, అప్పుడు తేలిగ్గా పలికినదాన్ని తీసుకోవచ్చు. కొత్తది కొనేముందు పాతదాన్ని ఒకసారి కిటికీ వెలుగులో పట్టి చూడండి. కొస అంచు మీద గోరుకు తగిలేంత చిన్న పెచ్చు ఊడినా, రెండు పక్కల అంచులు సమానంగా లేకపోయినా, ఇన్నాళ్లూ మీరు తిట్టిన రీడ్లకు ఏ పాపమూ తెలియదు. ఎబొనైట్ మౌత్‌పీసు ఆకుపచ్చగా, గోధుమ రంగుగా మారి గంధకం వాసన వేస్తుంటే ఎండ, వేడినీళ్లు తగిలినట్టే. ఎబొనైట్ ఆ రెండింటినీ ఓర్చుకోదు. కొత్తదాన్ని చల్లటి నీళ్లతోనే కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి, నీడలో పెట్టండి.